క్రొయేషియా తీరంలో టెంటు వేసుకుని సెలవులు గడపడం ఎలా

ఏడ్రియాటిక్ సముద్రం వెంట కొడవలిలా వంగి ఉండే క్రొయేషియాకు, దీవుల అంచులు కూడా కలుపుకుంటే, 5,800 కిలోమీటర్ల దాకా తీరం ఉంది. చిన్నాపెద్దా దీవులు, రాతి తిప్పలు కలిపి పన్నెండు వందలకు పైమాటే. పటం మీద ఇదంతా చూసినవారికి ఉత్తరాన రోవిన్య్ నుంచి దక్షిణాన డుబ్రోవ్నిక్ దాకా ఒక్క ప్రయాణంలో చుట్టేయాలనిపిస్తుంది. ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు దారి సుమారు 700 కిలోమీటర్లు. టెంటు విప్పి, మడిచి, ఇంకో ఊళ్లో మళ్లీ వేసుకునేసరికి సగం రోజు గడిచిపోతుంది కనుక, రోజుకొక ఊరు పెట్టుకున్నవారు చివరికి సముద్రాన్ని బస్సు కిటికీలోంచే ఎక్కువగా చూస్తారు. అందువల్ల ఈ వ్యాసంలో దక్షిణ భాగమైన డాల్మేషియాను, దానికి వెళ్లే దారిలో ఉన్న ప్లిత్విత్సె సరస్సులను మాత్రమే తీసుకుని, రెండు వారాల్లో ఐదు చోట్లకు మించకుండా టెంటు దించి, అక్కడి నుంచి బస్సుల మీద, పడవల మీద చూడదగ్గవన్నీ చూసి రావడం ఎలాగో వివరిస్తాను.

ఏ నెలలో వెళ్లాలి

జూలై, ఆగస్టు నెలల్లో జర్మనీ, ఇటలీ, పోలండ్ దేశాల కుటుంబాలు బడి సెలవులకు ఇక్కడికే తరలివస్తాయి. ఆ రోజుల్లో మంచి చోటు దొరకదు, దొరికినా రేటు దాదాపు రెట్టింపు ఉంటుంది, పైగా మధ్యాహ్నపు ఎండలో టెంటు లోపల కూర్చోలేము. నన్ను అడిగితే సెప్టెంబర్ మొదటి పక్షమే అన్నిటికంటే మేలు. వేసవంతా కాగిన సముద్రం అప్పటికి గోరువెచ్చగా ఉంటుంది, జనం పలచబడతారు. అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లల సెలవులు జూన్ రెండో వారంతో ముగుస్తాయి కాబట్టి కుటుంబంతో వెళ్లేవారికి మే చివరి వారం, జూన్ మొదటి వారం మాత్రమే మిగులుతాయి. అప్పుడు చెట్లు పచ్చగా ఉంటాయి, సాయంత్రం ఎనిమిది దాటినా వెలుతురు ఉంటుంది, కాని సముద్రపు నీరు మన కాకినాడ, విశాఖ అలవాటున్న ఒంటికి వణుకు పుట్టిస్తుంది. చాలా క్యాంపులు అక్టోబర్‌లో మూసి ఏప్రిల్‌లో గాని తెరవవు. చలికాలంలో టెంటు ఆలోచనే పెట్టుకోవద్దు.

వీసా కాగితాలు, ఒక వంతెన సంగతి

క్రొయేషియా 2013 జూలై 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2023 జనవరి 1 నుంచి, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి అయిన షెంగెన్ ప్రాంతంలోనూ భాగమై, ఆ రోజే తన పాత నాణెం కూనాను వదిలి యూరోను తీసుకుంది. కాబట్టి భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి పెద్దల దరఖాస్తు రుసుము 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి.

టెంటు యాత్రికులకు చిక్కు వచ్చేది బస దగ్గర. వీసా అధికారులు ప్రతి రాత్రి ఎక్కడ ఉంటారో చూపమంటారు. కొన్ని చిన్న క్యాంపులు మాత్రం టెంటుకు ముందస్తు బుకింగే తీసుకోవు, వచ్చినప్పుడు ఖాళీ ఉంటే ఇస్తామంటాయి. అందుకని దరఖాస్తుకు ముందే బుకింగ్ తీసుకునే క్యాంపులను ఎంచుకుని, ప్రయాణించే అందరి పేర్లు, వచ్చే తేదీ, వెళ్లే తేదీ స్పష్టంగా ఉన్న ధ్రువీకరణ మెయిల్ తెప్పించుకోండి. తేదీల మధ్య ఒక్క రాత్రి కూడా ఖాళీగా కనిపించకూడదు.

ఇంకొక విషయం మరీ ముఖ్యం. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే పాత తీరపు రోడ్డు నెయుమ్ అనే పట్టణం దగ్గర కొద్ది కిలోమీటర్ల మేర బోస్నియా భూభాగం గుండా సాగుతుంది. బోస్నియా షెంగెన్‌లో లేదు. ఒకేసారి ప్రవేశానికి అనుమతించే వీసాతో ఆ దారిన వెళితే షెంగెన్ దాటి బయటికి వెళ్లినట్టే లెక్క, తిరిగి లోపలికి రావడానికి వీసా ఉండదు. ఈ అవస్థ తప్పించడానికే అన్నట్టు 2022 జూలై 26న పెల్యెషాట్స్ వంతెన తెరుచుకుంది. 2,404 మీటర్ల ఈ వంతెన మీదుగా వెళితే బోస్నియాలో కాలు పెట్టే పనిలేదు. బస్సు టికెట్టు కొనేటప్పుడు, కారు మ్యాపులో దారి పెట్టుకునేటప్పుడు వంతెన మీదుగానే వెళుతున్నారా అని తప్పక చూసుకోండి. బోస్నియాలోని మోస్తార్ పాత వంతెనకో, మాంటెనీగ్రోలోని కోటోర్ అఖాతానికో ఒక రోజు వెళ్లిరావాలన్న ఆశ ఉంటే దరఖాస్తులోనే ఒకటికి మించిన ప్రవేశాలు ఉన్న వీసా అడగాలి.

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు ఆస్ట్రియా, స్లొవేనియాల మీదుగా కారులోనే ఇక్కడికి రావచ్చు. ఆ రెండు దేశాల్లోనూ హైవేలకు విన్యెట్ అనే ముందస్తు రుసుము కట్టాలి. స్లొవేనియాలో ఇప్పుడది కారు నంబరు మీద ఆన్‌లైన్‌లో కొనేదే. షెంగెన్ లోపల తనిఖీ ఉండదన్న ధీమాతో పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి రాకండి. స్లొవేనియా 2023 అక్టోబర్ నుంచి ఈ సరిహద్దులో మళ్లీ తనిఖీలు పెట్టింది, నివాస అనుమతి కార్డు కూడా అడుగుతారు.

క్యాంపు ఎంచుకోవడం

క్రొయేషియాలో కనిపించిన చెట్టు కింద టెంటు వేయడం చట్టవిరుద్ధం. బీచిలో గాని, అడవిలో గాని, పార్కింగ్‌లో నిలిపిన వ్యాన్‌లో గాని రాత్రి పడుకుంటే జరిమానా పడుతుంది. అనుమతి ఉన్న క్యాంపులోనే దిగాలి. స్థానికులు దాన్ని కాంప్ అనో, పాత బోర్డుల మీద ఆటోకాంప్ అనో అంటారు. టెంటుకు ఇచ్చే చోటును పార్త్సెలా అంటారు. నంబరు వేసిన పార్త్సెలా కొంచెం ఖరీదు, కరెంటు పాయింటు ఉంటుంది. నంబరు లేని ఉమ్మడి చోటైతే చెట్ల మధ్య ఎక్కడ నచ్చితే అక్కడ వేసుకోవచ్చు. చవక కూడా.

రేటు చూసేటప్పుడు తికమక పడకండి. చాలాచోట్ల పార్త్సెలాకు విడిగా, మనిషికి విడిగా, కారుకు విడిగా, కరెంటుకు విడిగా వేసి, మొత్తానికి మనిషికి రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను కలుపుతారు. ఆ పన్ను పన్నెండేళ్లలోపు పిల్లలకు లేదు, పద్దెనిమిదేళ్లలోపు వారికి సగం. కొన్ని క్యాంపులు మూడు నాలుగు రాత్రులకు తక్కువైతే ఒక్కసారి కట్టే అదనపు రుసుము కూడా తీసుకుంటాయి. యూరప్‌లో ఉండేవారు ఏసీఎస్ఐ అనే సంస్థ వారి క్యాంపింగ్ కార్డు తీసుకుంటే రద్దీ లేని నెలల్లో ఇద్దరికి కలిపి ఒకే తగ్గింపు రేటు వర్తిస్తుంది. జూలై, ఆగస్టుల్లో అది చాలాచోట్ల పనిచేయదు.

బుక్ చేసేముందు క్యాంపు పేరు పక్కన ఎఫ్‌కెకె అన్న మూడక్షరాలు గాని, నాచురిస్ట్ అన్న మాట గాని ఉందేమో చూడండి. అవి దుస్తులు లేకుండా గడిపేవారి క్యాంపులు. ఇస్ట్రియాలోని కోవెర్సాదా 1961 నుంచీ ఈ పద్ధతిలో నడుస్తున్న పేరున్న క్యాంపు, అక్కడివారికి ఇదేమీ వింత కాదు. అత్తమామలతో, పిల్లలతో గేటు దాకా వెళ్లి వెనుదిరగడం కంటే ఇంటి దగ్గరే చూసుకోవడం నయం.

దిగగానే రిసెప్షన్‌లో అందరి పాస్‌పోర్టులూ అడుగుతారు. విదేశీయుల వివరాలు ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయడం వారి బాధ్యత, కాబట్టి అనుమానించనక్కర్లేదు. వివరాలు నమోదయ్యాక పాస్‌పోర్టులు తిరిగి తీసుకోవడం మాత్రం మరవకండి.

టెంటు వేయడం: నేల, గాలి

ఈ తీరమంతా సున్నపురాయి. పైన జానెడు మట్టి, దానిమీద పైన్ చెట్ల ఆకులు, కింద బండ. టెంటుతో పాటు వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు రెండు దెబ్బలకే వంకరపోతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు పన్నెండు మేకుల్లో ఎనిమిదింటిని నేనే పాడుచేసి, పక్క టెంటు ముసలాయన దగ్గర సుత్తి అరువు తెచ్చుకున్నాను. మందపాటి ఉక్కు మేకులు, ఒక సుత్తి కావాలి. వీటిని విమానంలో చేతి సంచిలో పెట్టుకోనివ్వరు. చెక్-ఇన్ సామానులో పెట్టండి, లేదా అక్కడి హార్డ్‌వేర్ దుకాణంలో కొనండి. మేకు దిగనిచోట తాడును పెద్ద రాయికి గాని, చెట్టు మొదలుకు గాని కట్టండి. టెంటు అడుగున ఒక మందపాటి పట్టా పరిస్తే రాళ్లు పొడుచుకుని గుడ్డ చిరగదు.

తర్వాత గాలి. ఇక్కడి గాలులకు పేర్లున్నాయి. ఆ పేర్లు తెలుసుకుంటే సగం ఇబ్బందులు తప్పుతాయి. వేసవి మధ్యాహ్నాల్లో వాయవ్యం నుంచి వీచే చల్లని గాలి మాయెస్త్రల్. అది మంచి రోజుకు గుర్తు. ఆగ్నేయం నుంచి తేమతో, మబ్బులతో వచ్చేది యూగో. అది రెండు మూడు రోజులు అలలను రేపి వాన తెస్తుంది. అన్నిటికంటే భయపడవలసింది బూరా. వెలెబిట్ కొండల మీదుగా ఈశాన్యం నుంచి చల్లటి పొడి గాలి ఒక్కసారిగా సముద్రం మీదికి దూకుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, అందుకే కొత్తవారు మోసపోతారు. బూరా బలంగా వీచినప్పుడు జాడర్‌కు దగ్గర్లోని మస్లెనిత్సా వంతెనను మూస్తారు, దీవుల పడవలు ఆగిపోతాయి, సరిగా కట్టని టెంట్లు ఎగిరిపోతాయి.

కాబట్టి టెంటు తలుపును ఈశాన్యం వైపు పెట్టకండి, ఎత్తు తక్కువగా ఉన్న కొసను అటు తిప్పండి, తాళ్లన్నీ మొదటి రాత్రి నుంచే కట్టి ఉంచండి. వాస్తు చూసుకునే అలవాటున్నవారు ఈ దేశంలో ఈశాన్యాన్ని మూసి ఉంచక తప్పదు. ప్రతి ఉదయం అక్కడి ప్రభుత్వ వాతావరణ సంస్థ డీహెచ్ఎమ్‌జెడ్ హెచ్చరికలను, రోడ్ల మూసివేతలకు హెచ్ఏకే అనే మోటారు క్లబ్బు సమాచారాన్ని ఫోన్‌లో చూసుకోండి. ఎండ వైపు కూడా ఆలోచించాలి. సాయంత్రం దిగి నీడ బాగుందనుకున్న చోట తెల్లవారి ఆరింటికే ఎండ కొడితే ఏడింటికల్లా లోపల ఉడికిపోతారు. తూర్పున చెట్టు ఉన్న చోటే మేలు. పైన్ చెట్టు కిందైతే జిగురు కారుతుంది. కీచురాళ్ల రొద పగలంతా ఉంటుంది, దానికి అలవాటు పడవలసిందే.

కరెంటు కోసం నీలిరంగు గుండ్రని మూడు పిన్నుల ప్లగ్గు కావాలి. యూరప్ క్యాంపుల్లో చాలావరకు అదే. దానికి ఎక్స్‌టెన్షన్ వైరు కొన్నిచోట్ల రిసెప్షన్‌లో అద్దెకు దొరుకుతుంది. వోల్టేజి మనదే, 230. కాని మన లావు పిన్నుల ప్లగ్గులు అక్కడి సాకెట్లలో పట్టవు, అడాప్టర్ తీసుకెళ్లండి.

వంట, అంగళ్లు

వేసవిలో అడవి మంటల భయం ఎంత ఉంటుందంటే, క్యాంపులో బహిరంగంగా నిప్పు రాజేయడాన్ని ఎవరూ సహించరు. కట్టెల పొయ్యి ఆలోచన వదిలేసి చిన్న గ్యాస్ స్టవ్ వాడండి. గ్యాస్ డబ్బాను విమానంలో ఏ సంచిలోనూ తీసుకెళ్లనివ్వరు, అక్కడికి వెళ్లాకే కొనాలి. డబ్బాల్లో మర బిగించేవి, నొక్కి తిప్పేవి, సూదితో పొడిచేవి అని రకాలుంటాయి, ఒకదాని స్టవ్‌కు మరొకటి పట్టదు. అందువల్ల స్టవ్‌నూ డబ్బానూ ఒకే దుకాణంలో, ఒకేసారి కొనడం తెలివైన పని. మంట కనిపిస్తే ఫోన్ చేయవలసిన నంబరు 112, అగ్నిమాపక దళానిది 193.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలన్నది మన వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న. యూరోపియన్ యూనియన్ వెలుపలి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, పెరుగులో ఊరవేసిన మిరపకాయలు, మాంసం పచ్చళ్లు అన్నీ నిషిద్ధాలే. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరవు. మే నెలలో బంగినపల్లి బుట్టతో దిగుదామనుకునేవారు ఇది గమనించాలి. కారప్పొడి, పసుపు, పోపు దినుసులు, కందిపొడి, నూనెలో ఊరిన ఆవకాయ గట్టిగా మూతపెట్టిన డబ్బాల్లో సరిపోతాయి.

మిగతావి అక్కడే దొరుకుతాయి. కోన్‌జూమ్, టోమీ, ప్లోదినే, లిడిల్ వంటి దుకాణాల్లో బియ్యాన్ని రీజా అంటారు, లెచా అంటే మసూర్ లాంటి పప్పు. పెరుగు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అక్కడ యోగుర్ట్ అని సీసాల్లో అమ్మేది మన చిక్కటి మజ్జిగలా తాగేది. గట్టి పెరుగు కావాలంటే చ్వర్‌స్టీ అని రాసినదాన్ని గాని, గ్రీకు పద్ధతి పెరుగును గాని తీసుకోండి. ఐవార్ అనే ఎర్ర క్యాప్సికమ్ పచ్చడి సీసాను తప్పక కొనండి. కాల్చిన క్యాప్సికమ్‌ను నూరి నూనెలో మగ్గించి చేస్తారు. వేడి అన్నంలో కలుపుకుంటే, కాస్త కారం చల్లుకున్నాక, మన పచ్చడేమో అనిపిస్తుంది. శాకాహారులు హోటల్లో బెజ్ మేసా, అంటే మాంసం లేకుండా, అని చెప్పాలి. బంగాళాదుంపలతో ఉడికించిన బ్లిత్వా అనే ఆకుకూర దాదాపు ప్రతిచోటా ఉంటుంది. స్ప్లిట్ పరిసరాల్లో ఆ ఆకుకూరనే పలచటి రొట్టె మధ్య పరిచి కాల్చే సోపార్‌నిక్ దొరుకుతుంది. కుళాయి నీరు నిస్సంకోచంగా తాగవచ్చు.

ఆదివారాల విషయంలో ముందుచూపు ఉండాలి. 2023 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలు మాత్రమే తెరవవచ్చు. శనివారం సాయంత్రమే రెండు రోజుల సరుకు తెచ్చిపెట్టుకోండి.

దారి: ఎక్కడ ఎన్ని రాత్రులు

జాగ్రెబ్‌లో విమానం దిగి, సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని ప్లిత్విత్సెలో మొదటి రెండు రాత్రులు పెట్టుకోండి. పార్కుకు ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో కొరానా అనే పెద్ద క్యాంపు ఉంది. ఇక్కడి ఎత్తు సముద్రమట్టానికి ఐదారు వందల మీటర్లు. జూన్‌లో కూడా రాత్రి చలి ఉంటుంది, తీరంలో పనికొచ్చే పలచటి దుప్పటి ఇక్కడ చాలదు. ఈ ఒక్క మజిలీ కోసమైనా మంచి స్లీపింగ్ బ్యాగ్ తీసుకెళ్లండి. 1949లో జాతీయ పార్కుగా, 1979లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ లోయలో పదహారు సరస్సులు మెట్లు మెట్లుగా ఒకదానిలోంచి మరొకదానిలోకి దూకుతాయి. నీటిలోని సున్నం నాచు మీద పేరుకుని గట్టిపడి, ఆ గట్లే సరస్సులకు ఆనకట్టలవుతాయి. అవి ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. అందుకే నీటిలో దిగడం పూర్తిగా నిషేధం, చెక్క బాట దిగి అడుగు పక్కకు వేయకూడదు. టికెట్టు గంటల వారీగా ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. ఇటీవలి వేసవుల్లో పెద్దలకు 40 యూరోలు. ఉదయం మొదటి గంటకే కొని, ఒకటో ద్వారం నుంచి దిగువ సరస్సులకు వెళ్లి, 78 మీటర్ల పెద్ద జలపాతాన్ని జనం రాకముందే చూసి, కోజ్యాక్ సరస్సు మీద పడవలో ఎగువకు దాటండి. పడవ ఖర్చు టికెట్టులోనే ఉంటుంది.

కారులో ఉన్నవారు తీరానికి దిగే దారిలో గోస్పిచ్ దగ్గరి స్మిల్యాన్‌లో ఆగవచ్చు. 1856లో విద్యుత్ శాస్త్రవేత్త నికోలా టెస్లా పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారక కేంద్రం. ఒక గంట చాలు.

జాడర్‌లో మూడు రాత్రులు. నగర శివారు బోరిక్‌లో క్యాంపు ఉంది, ఊళ్లోకి సిటీ బస్సు ఉంటుంది. సూర్యాస్తమయానికి అరగంట ముందు సముద్రపు ఒడ్డున పాలరాతి మెట్ల మీద కూర్చోండి. 2005లో నికోలా బాషిచ్ అనే వాస్తుశిల్పి ఆ మెట్ల కింద 35 గొట్టాలు అమర్చాడు. అలలు తోసిన గాలి వాటిలోంచి వచ్చి తగ్గుస్వరంలో మోగుతుంది. రాగం కాదు, శ్రుతి. మర్నాడు బస్సులో షిబెనిక్ వెళ్లి, వంద సంవత్సరాలకు పైగా కట్టిన రాతి చర్చిని, దాని వెనుక గోడ చుట్టూ చెక్కిన డెబ్బైకి పైగా మనుషుల తలలను చూడండి. వెనుకటి ఊరి జనమే వాళ్లంటారు. అక్కడి నుంచి స్క్రాదిన్ చేరి పడవలో క్ర్కా జలపాతాలకు పోవచ్చు. పాత ఫొటోల్లో జనం జలపాతం కింద ఈదుతూ కనిపిస్తారు, 2021 నుంచి అది బంద్. జబ్రాన్యెనో అన్న మాట ఏ బోర్డు మీద కనిపించినా నిషేధం అని అర్థం.

స్ప్లిట్‌కు నాలుగు రాత్రులు ఇవ్వండి. తూర్పున స్తోబ్రెచ్‌లో సముద్రాన్ని ఆనుకునే క్యాంపు ఉంది, సిటీ బస్సు వస్తుంది. రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ సింహాసనం వదులుకుని, క్రీ.శ. 305 ప్రాంతంలో వచ్చి నివసించిన కోట ఇక్కడి పాత ఊరు. శిథిలం అనుకుంటే పొరపాటు. ఆ గోడల మధ్య ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, కిటికీల్లో బట్టలు ఆరేస్తున్నారు. వీధులన్నీ ఉచితం, నేలమాళిగలకు, చర్చికి మాత్రం టికెట్టు. ఆ చర్చి ఒకప్పుడు ఆ చక్రవర్తి సమాధి మందిరమే. క్రైస్తవులను హింసించిన రాజు సమాధిలో క్రైస్తవులు ప్రార్థనలు చేయడం చరిత్ర చేసిన ఎగతాళి. ఉదయం ఏడింటికి వెళితే రాతి నేల మీద మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది, పదకొండింటికి నిలబడే చోటుండదు. చేపలు తినేవారు పెష్కారియా అనే చేపల బజారు నుంచి కొని క్యాంపు ఉమ్మడి గ్రిల్ మీద కాల్చుకోవచ్చు. బజారులో ఈగలు ఉండవు. పక్కనే ఉన్న గంధకపు ఊటల వల్లనని చెబుతారు.

ఇక్కడి నుంచే యాద్రోలినియా అనే సంస్థ పడవల్లో దీవులకు వెళ్లిరావాలి. బ్రాచ్ దీవిలోని సుపెతార్‌కు 50 నిమిషాలు, హ్వార్ దీవిలోని స్తారి గ్రాద్‌కు సుమారు రెండు గంటలు. కారు ఎక్కే పెద్ద పడవలు వేరు, మనుషులనే తీసుకెళ్లే వేగపు కటమరాన్‌లు వేరు. ఒక్క రోజుకైతే కారును క్యాంపులోనే వదలండి, వేసవిలో కార్ల వరుస గంటల తరబడి కదలదు. స్తారి గ్రాద్ మైదానంలో క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో గ్రీకులు రాళ్లతో వేసిన పొలం గట్లు ఈనాటికీ ఉన్నాయి, ఆ మళ్లలోనే ద్రాక్ష, ఆలివ్ పండుతున్నాయి. చెట్టూ పుట్టా తప్ప చూసేందుకేముందని కొందరంటారు. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి మాత్రం నచ్చుతుందని నా నమ్మకం.

తర్వాత పెల్యెషాట్స్ ద్వీపకల్పంలో ఒరెబిచ్‌కు మారండి. మూడు రాత్రులు. ఆలివ్ చెట్ల కింద కుటుంబాలు నడుపుకునే చిన్న క్యాంపులు ఇక్కడ చాలా ఉన్నాయి. ఎదురుగానే కోర్చులా. కారు పడవ ఊరికి కాస్త దూరంలోని డొమిన్చెలో దింపుతుంది, మనుషుల చిన్న పడవైతే నేరుగా పాత ఊరి ముందే ఆగుతుంది. ఆ ఊరి వీధులను పటంలో చూస్తే చేప ముల్లులా కనిపిస్తాయి. పడమటి వీధులు మాయెస్త్రల్ లోపలికి రావడానికి తిన్నగా, తూర్పు వీధులు బూరాను అడ్డుకోవడానికి వంపుగా వేశారని చెబుతారు. టెంటు వేయడంలో మనం చేసిన పనినే వాళ్లు ఊరంతటికీ చేశారన్నమాట. మార్కో పోలో తమ ఊళ్లోనే పుట్టాడని కోర్చులా వాళ్లు చెప్పుకుంటారు, వెనిస్ వాళ్లు ఒప్పుకోరు. ఎవరిది నిజమైనా, ఆయన తన యాత్రా కథనంలో మన మోటుపల్లి రేవును, ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణిని వర్ణించాడు. ఆమె కాకతి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. బాపట్ల జిల్లా తీరపు ఆ చిన్న ఊరి పేరు ఇక్కడ ఎవరికైనా తెలుస్తుందేమోనని నేను అడిగి చూశాను, తెలియలేదు.

ఈతకు దిగేముందు రబ్బరు బూట్లు వేసుకోండి. ఇక్కడి బీచిల్లో ఇసుక అరుదు, అంతా గులకరాళ్లే. బండల సందుల్లో నల్లటి ముళ్ల బంతుల్లాంటి సముద్రపు అర్చిన్‌లు ఉంటాయి, అవి నీరు శుభ్రంగా ఉందనడానికి గుర్తే గాని కాలికి గుచ్చుకుంటే సెలవు పాడవుతుంది.

చివరి రెండు రాత్రులు డుబ్రోవ్నిక్. నగర పరిధిలో బాబిన్ కూక్ మీద సోలిటూడో అనే క్యాంపు ఉంది, ఇక్కడ ముందస్తు బుకింగ్ లేకుండా రాకండి. 1,940 మీటర్ల కోటగోడ మీద నడకకు ఉదయం తలుపులు తెరిచే వేళకే చేరాలి, పైన నీడ లేదు. గోడ టికెట్టు ఖరీదైనదే. మ్యూజియాలు, సిటీ బస్సులు కలిసి ఉన్న డుబ్రోవ్నిక్ పాస్ ధరతో పోల్చి చూసి కొనండి, తరచూ పాసే లాభం. పైనుంచి చూసినప్పుడు ఇళ్ల కప్పుల్లో కొన్ని ముదురు రంగులో, చాలావరకు కొత్త ఎరుపులో కనిపిస్తాయి. ఆ కొత్తవి 1991–92లో యుగోస్లావ్ సైన్యం చేసిన ముట్టడిలో గుండ్లు పడి పగిలిన పెంకుల స్థానంలో వేసినవి. మధ్యాహ్నం పాత రేవు నుంచి పదిహేను నిమిషాల్లో లోక్రుమ్ దీవికి పోయి నెమళ్ల మధ్య చెట్ల నీడన గడపండి. రాత్రి ఉండనివ్వరు, చివరి పడవ వేళ ముందే చూసుకోండి.

తిరుగు ప్రయాణం

బయలుదేరే రోజు తెల్లవారుజామున మంచు పడి టెంటు తడిసి ఉంటుంది. తడిదాన్ని మడిచి విమానం సామానులో పెడితే ఇంటికి చేరేసరికి బూజు వాసన పట్టి, ఇక ఆ గుడ్డ వదలదు. అందుకని ఆఖరి రోజు మధ్యాహ్నం తర్వాతి విమానం తీసుకుని, ఎండ వచ్చాక పైకప్పును తాడు మీద ఆరబెట్టి, మేకులకంటిన మట్టి దులిపి కట్టండి. చాలా క్యాంపుల్లో ఉదయం పది, పన్నెండు గంటల మధ్య చోటు ఖాళీ చేయాలి కనుక, ఆరబెట్టడానికి ఇంకో గంట కావాలని ముందురోజే రిసెప్షన్‌లో అడిగి ఉంచండి. స్టవ్‌ను సబ్బుతో కడిగి, గ్యాస్ వాసన ఏమాత్రం లేకుండా ఆరాకే చెక్-ఇన్ సంచిలో పెట్టండి. విమాన సంస్థ అనుమతిస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి. మిగిలిన గ్యాస్ డబ్బాను, తెరవని బియ్యం పొట్లాన్ని, సగం వాడిన ఐవార్ సీసాను పక్క టెంటు వారికి ఇచ్చేయండి. అక్కడ అది మామూలే, వాళ్లూ మొదటిరోజు ఎవరి దగ్గరో అలా తీసుకున్నవారే.